రూకీలు సంతకం పెట్టకుండా బెట్టు చేసేది ఎక్కువ డబ్బు కోసమేనా?

డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉండే ఒక తండ్రి అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్తగా డ్రాఫ్ట్ అయినవాళ్లకి, అంటే జట్లు వంతులవారీగా ఎంచుకున్న కొత్త ఆటగాళ్లకి (రూకీలకి), ఎన్నో నంబరుగా ఎంపికైతే ఎంత జీతమో ముందే ఖరారై ఉంటుందంటారు. మరి 2025 వేసవిలో రెండో రౌండ్ కుర్రాళ్లు దాదాపు అందరూ జులై దాకా సంతకాలు పెట్టలేదు. దేనికోసం? హైస్కూల్ టీమ్‌లో ఆడే మా అబ్బాయి వాళ్లదే న్యాయం అంటాడు. ఇరవై రెండేళ్లకే లక్షల డాలర్లు చేతిలో పెడతామంటే బెట్టు చేయడం అత్యాశ అని నేనంటాను. ఎవరిది సరి?"

న్యాయం మీ అబ్బాయి వైపే ఎక్కువ ఉందండి. వాళ్లు పేచీ పెడుతున్నది అంకె పెంచమని కాదు, ఆ అంకెలో ఎంత నిజంగా చేతికి వస్తుందో తేల్చమని. కాంట్రాక్టు మొత్తం ఎంతో మీరన్నట్టు ముందే దాదాపు ఖరారు. కానీ "నాలుగేళ్లకి కోటి డాలర్లు" అని పేపర్లో పడిన అంకెలో ఎంత భాగానికి గ్యారంటీ ఉంది, ఏం జరిగితే ఆ గ్యారంటీ రద్దవుతుంది, ఎప్పుడు చెల్లిస్తారు అన్నవి బేరం మీదే ఉంటాయి. ఆ బేరం ఆడే అవకాశం కుర్రాడికి ఒక్కసారే వస్తుంది, సంతకానికి ముందు.

నా గురించి రెండు మాటలు. నేను ఏజెంట్‌ని కాను. డాలస్ దగ్గర సీపీఏగా (మన సీఏ లాంటి పని) పనిచేస్తున్నాను, పదిహేడేళ్లుగా ఆటగాళ్ల పన్నుల లెక్కలు చూస్తున్నాను. సంతకానికి ముందు కాంట్రాక్టు ముసాయిదా నా బల్ల మీదకి వస్తుంది, చెల్లింపుల తేదీలు, వెనక్కి ఇవ్వాల్సి వచ్చే సందర్భాలు చూసి చెప్పమంటారు. కాబట్టి ఆట గురించి నాకంటే మీ అబ్బాయికే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. నేను చెప్పేది కాగితం గురించి.

ఐపీఎల్ వేలం చూసిన అలవాటుతో చూస్తే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ అర్థం కాదు. వేలంలో నాలుగు జట్లు పోటీపడితే రేటు దానంతటదే పెరుగుతుంది. డ్రాఫ్ట్‌లో పోటీయే లేదు. 32 జట్లు, 7 రౌండ్లు. మీ పేరు ఏ జట్టు పిలిస్తే ఆ ఏడాదికి మీతో మాట్లాడే హక్కు దానిదే. ఇంకో జట్టు తలుపు తట్టే వీల్లేదు. రెగ్యులర్ సీజన్ పదో వారం అయ్యాక వచ్చే మంగళవారంలోగా సంతకం పెట్టకపోతే ఆ ఏడాది ఆట లేదు, మళ్లీ తర్వాతి డ్రాఫ్ట్‌లో నిలబడాలి. అంటే కుర్రాడికి ఉన్న ఆయుధం ఒక్కటే, రాకుండా ఉండటం. దాన్నే హోల్డౌట్ అంటారు.

ఒకప్పుడు ఈ ఆయుధం నిజంగానే డబ్బు కోసం వాడేవారు. మీకు అత్యాశ అనిపించే బొమ్మ ఆ రోజుల నుంచి మిగిలిపోయింది. 2007లో మొదటి నంబరుగా ఎంపికైన జమార్కస్ రసెల్ సీజన్ మొదలై ఒక మ్యాచ్ అయిపోయాక సెప్టెంబరు 12న రైడర్స్‌తో సంతకం పెట్టాడు. 3 కోట్ల డాలర్లకు పైగా గ్యారంటీ. మూడు సీజన్లు తిరిగేసరికి, 2010 మేలో, జట్టు అతన్ని వదిలేసింది. 2009లో మన డాలస్ కుర్రాడే, మైకేల్ క్రాబ్‌ట్రీ, పదో నంబరుగా ఫోర్టీ నైనర్స్‌కి ఎంపికయ్యాడు. తనకంటే ముందు ఏడో నంబరుగా పిలిచిన రిసీవర్ (బంతి అందుకునే ఆటగాడు) కంటే తానే మెరుగన్నది అతని వాదన, ఆ స్థాయి డబ్బు కావాలన్నాడు. అక్టోబరు 7 దాకా లాగాడు. జట్టు మొదటి 5 మ్యాచ్‌లు అతను లేకుండానే ఆడేసింది. ఆరేళ్లకి 3.2 కోట్ల డాలర్లతో సంతకం పెట్టాడు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలు అవి. ఆఫీసుల్లో అందరి నోటా అదే మాట.

దీనికి 2011లో కత్తెర పడింది. మార్చి నుంచి జులై దాకా సాగిన లాకౌట్ తర్వాత యాజమాన్యాలు, ఆటగాళ్ల సంఘం కలిసి రాసుకున్న ఒప్పందంలో రూకీలకి జీతాల మెట్లు వచ్చాయి. ఒక్క పోలిక చాలు. 2010లో మొదటి నంబరు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు, అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది మొదటి నంబరు క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి మొత్తం కలిపి 2.2 కోట్లు. ఏడాది తేడాలో అదే కుర్చీ విలువ సగానికన్నా తక్కువకి పడిపోయింది. సంఘంలోని సీనియర్లు కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివాడికి పదేళ్లు ఆడినవాడికంటే ఎక్కువ వస్తోందన్న కడుపుమంట వాళ్లకీ ఉంది.

అప్పటి నుంచి డ్రాఫ్ట్ అయిన ప్రతివాడికీ నాలుగేళ్ల కాంట్రాక్టు. మొదటి రౌండ్ వాళ్లని ఐదో ఏడాది కూడా ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. మొదటి ఏడాది జీతం ఆధారంగా తర్వాతి ఏడాదుల పెంపు 25 శాతం దాటకూడదు. సైనింగ్ బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే మొత్తం) ఆ నంబరుకి కేటాయించిన మొత్తంలోంచి లెక్కగట్టినట్టే వస్తుంది. డ్రాఫ్ట్ అయిన రాత్రే ఆ కుర్రాడి నాలుగేళ్ల మొత్తం ఎంతో నేను కాగితం మీద రాసి ఇవ్వగలను, పెద్దగా తేడా రాదు.

మరి మిగిలిందేమిటి?

ఒకటి, గ్యారంటీ. ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టు మన ఉద్యోగాల ఆఫర్ లెటర్ లాంటిదే. ఏడాది జీతం రాసి ఉన్నంత మాత్రాన రేపు తీసేయరని కాదు. గ్యారంటీ రాయని ఏడాదికి ముందు జట్టు వదిలేస్తే ఆ డబ్బు రాదు. 2025లో జరిగింది ఇదే. అంతకు ముందు రెండో రౌండ్ ఆటగాడికి ఎవరికీ నాలుగేళ్లూ పూర్తి గ్యారంటీ దక్కలేదు. మే నెలలో హ్యూస్టన్ టెక్సన్స్ 34వ నంబరు జేడెన్ హిగిన్స్‌కి ఇచ్చేసింది. వెంటనే 33వ నంబరు కార్సన్ ష్వెసింగర్‌కి బ్రౌన్స్ ఇవ్వక తప్పలేదు. తనకంటే వెనక ఉన్నవాడికి ఉండి తనకి లేకపోతే ఎలా? అక్కడ ఆగిపోయింది. మిగిలిన 30 మందీ కూర్చున్నారు.

ఎందుకు కూర్చున్నారో చూడండి. 35వ నంబరు కుర్రాడి ఏజెంట్ "34కి ఇచ్చారుగా" అంటాడు. జట్టు "పోయినేడు 35కి లేదుగా" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. 45వ నంబరువాడు 44వ వాడు ఏం తెచ్చుకుంటాడో చూసేదాకా కదలడు, ఎందుకంటే ముందే సంతకం పెడితే తక్కువకి దొరికిపోతాడు. 44వ వాడు 43 కోసం చూస్తాడు. ఎవరూ ఎవరితోనూ గొడవపడటం లేదు, అందరూ క్యూలో నిలబడ్డారు, క్యూ కదలడం లేదు, అంతే. జులైలో, సీజన్‌కి ముందు సాధన చేయించే క్యాంపులు తెరిచే సమయానికి 40వ నంబరు టైలర్ షక్‌కి సెయింట్స్ పూర్తి గ్యారంటీ ఇచ్చింది, దాదాపు 1.08 కోట్ల డాలర్లు. ముడి అలా విడింది. మీ అబ్బాయి వయసువాళ్లకి దీని విలువ పదేళ్ల తర్వాత తెలుస్తుంది. ఒకసారి ఇచ్చిన మెట్టు తర్వాతి ఏడాది మళ్లీ వెనక్కి తీసుకోవడం జట్లకి చాలా కష్టం. ఆ కూర్చున్నవాళ్లు తమ కోసమే కాదు, వచ్చే ఏడాది అదే నంబరుకి వచ్చే ముక్కూమొహం తెలియని కుర్రాడి కోసం కూడా కూర్చున్నట్టే.

రెండు, గ్యారంటీని రద్దు చేసే మెలికలు. నా దృష్టిలో అసలు విషం ఇక్కడుంటుంది. "పూర్తి గ్యారంటీ" అని మొదటి పేజీలో రాసి, వెనక పేజీల్లో "ఫలానావి జరిగితే చెల్లదు" అని జాబితా ఇస్తారు. సస్పెన్షన్, క్యాంపుకి రాకపోవడం, ఆట బయట మోటార్‌సైకిల్ మీదో మంచు మీద స్కీయింగ్‌లోనో దెబ్బ తగలడం, ఇలాంటివి. జాబితా ఉండటం తప్పు కాదు. ఎంత వెడల్పుగా రాశారన్నదే తగువు. 2018లో ఎనిమిదో నంబరు రోక్వాన్ స్మిత్ దాదాపు నెల రోజులు బేర్స్ క్యాంపుకి దూరంగా ఉన్నాడు. ఆ ఏడాదే హెల్మెట్‌తో ఢీకొట్టడం మీద కొత్త నియమం వచ్చింది. మైదానంలో ఆటలో భాగంగా జరిగిన ఢీకి సస్పెండ్ చేస్తే, దాన్ని చూపించి గ్యారంటీ తీసేయకూడదన్నది అతని వైపు వాదన. అతను లైన్‌బ్యాకర్, డిఫెన్స్‌లో ఆడేవాడు, అతని పనే ఢీకొట్టడం. ఆ పని చేసినందుకే డబ్బు పోయే అవకాశం ఉంటే పట్టుబట్టడంలో అత్యాశ ఎక్కడుందండి? ఆగస్టు మధ్యలో సంతకం పెట్టాడు, గ్రీన్‌బేలో మొదటి మ్యాచ్‌లో మైదానంలో దిగిన వెంటనే అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాణ్ని) పడగొట్టాడు.

2025లో బెంగాల్స్ 17వ నంబరు షెమార్ స్టూవర్ట్‌ది కూడా ఇదే కోవ. ఒక ఏడాదిలో నిబంధన తప్పితే మిగతా అన్ని ఏళ్ల గ్యారంటీ కూడా పోయేలా రాశారు. అంతకు ముందు ఆ జట్టు మొదటి రౌండ్ కాంట్రాక్టుల్లో లేనిది తనకెందుకని అతను బహిరంగంగానే అడిగాడు. క్యాంపు మొదలయ్యాక జులై నెలాఖరులో గానీ తేలలేదు.

ఈ మెలికల గురించి ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. కుర్రాడిది మొదటి రౌండ్ చివర్లో నంబరు. వాళ్లింట్లో వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం, ఏజెంట్ ఫోన్‌లో స్పీకర్ మీద ఉన్నాడు. వాళ్లమ్మ స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. పెన్సిలు, పిల్లల స్కేలు తెచ్చుకుని ఒక్కో వాక్యం కింద స్కేలు పెట్టి చదువుతున్నారు. పద్నాలుగో పేజీలో ఒక చోట స్కేలు ఆపి, "జట్టు తన అభిప్రాయంలో తప్పని భావిస్తే అని ఉంది. ఎవరి అభిప్రాయం? మధ్యవర్తి అక్కర్లేదా?" అని అడిగారు. ఫోన్లో ఏజెంట్ కాసేపు మాట్లాడలేదు. నేనూ ఆ పేజీ అంతకు ముందే చూశాను, డబ్బు తేదీల ధ్యాసలో ఆ నాలుగు మాటలు నా కళ్ల ముందు నుంచే జారిపోయాయి. పదకొండు రోజులు సంతకం ఆగింది. ఆ నాలుగు మాటలు తీసేసి లీగ్ ఒప్పందంలోని మధ్యవర్తిత్వం ప్రకారం అని మార్చారు. ఈ పదకొండు రోజులూ టీవీల్లో ఆ కుర్రాణ్ని డబ్బు పిచ్చివాడన్నారు. కాంట్రాక్టులో ఒక్క డాలరు కూడా పెరగలేదు.

మూడు, ఆఫ్‌సెట్. ఇది ఉదాహరణతో చెప్తేనే తేలిక. మూడో ఏడాది అయ్యాక జట్టు వదిలేసింది, ఇంకా 18 లక్షల డాలర్ల గ్యారంటీ మిగిలి ఉందనుకోండి. ఇంకో జట్టు 9 లక్షలకి తీసుకుంది. ఆఫ్‌సెట్ ఉంటే పాత జట్టు ఆ 9 లక్షలు మినహాయించుకుని మిగతా 9 ఇస్తుంది, కుర్రాడికి వచ్చేది మొత్తం 18. ఆఫ్‌సెట్ లేకపోతే పాత జట్టు 18, కొత్త జట్టు 9, మొత్తం 27. 2016లో మూడో నంబరు జోయీ బోసా ఆగస్టు నెలాఖరు దాకా చార్జర్స్‌తో పేచీ పెట్టింది ఈ ఆఫ్‌సెట్ గురించి, బోనస్‌లో ఎంత భాగం ఆ ఏడాదే ఇస్తారన్న దాని గురించి. మొత్తం దాదాపు 2.59 కోట్లు, అందులో 1.7 కోట్లు సైనింగ్ బోనస్. మొత్తం మీద ఎవరికీ తగువే లేదు.

బోనస్ తేదీ గురించి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆరు నెలలు ఆలస్యమైతే ఏంటి అంటారు. బోనస్‌లో సగం వచ్చే మార్చిలో ఇస్తామంటే, ఆ మార్చి వచ్చేలోపు గ్యారంటీ రద్దయ్యే సంఘటన ఏదైనా జరిగితే అది ఇంకా జట్టు జేబులోనే ఉంటుంది. చేతికొచ్చిన డబ్బు వెనక్కి అడగాలంటే జట్టు తిరగాలి. రాని డబ్బు కోసమైతే కుర్రాడు తిరగాలి. పన్ను సంగతి కూడా ఉంది. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో రాష్ట్రం ఆదాయపన్ను లేదు, క్యాలిఫోర్నియాలో పై శ్లాబు 13.3 శాతం. సైనింగ్ బోనస్ జీతంతో కలపకుండా, ఆడటంతో ముడిపెట్టకుండా, తిరిగి ఇవ్వనక్కర్లేని విధంగా రాసి ఉంటే, టెక్సస్‌లో కాపురముండే కుర్రాడికి ఆ బోనస్ మీద బయటి రాష్ట్రం పన్ను తప్పించే వాదన చాలాచోట్ల నిలుస్తుంది. వెనక్కి తీసుకునే మెలికలు పెరిగేకొద్దీ ఆ వాదన బలహీనపడుతుంది. అందుకే ఏజెంట్, సీపీఏ ఒకే పేజీ మీద తలలు బాదుకునేది. ఫెడరల్ పన్ను పై శ్లాబు 37 శాతం, ఏజెంట్‌కి గరిష్ఠంగా 3 శాతం. ఆ ఫీజు 2018 నుంచి ఆటగాడు తన ఫెడరల్ రిటర్న్‌లో ఖర్చుగా చూపించుకోలేడు. పేపర్లో పడిన కోటిలో ఇంటికొచ్చేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇక అసలు కారణానికి వస్తాను. సంతకం పెట్టి తర్వాత బాగా ఆడి అడగొచ్చుగా అని మీరు అనొచ్చు. అడగలేడు. డ్రాఫ్ట్ అయిన ఆటగాడు మూడో సీజన్ ముగిసేదాకా కాంట్రాక్టు మార్చమని మాట్లాడటానికే వీల్లేదు. జట్టు ఇస్తానన్నా లీగ్ ఒప్పుకోదు. 2022లో అందరికంటే చివరి, 262వ నంబరుగా వచ్చిన బ్రాక్ పర్డీని చూడండి. నాలుగేళ్లకి మొత్తం 37 లక్షల డాలర్ల చిల్లర. రెండో సీజన్లోనే జట్టుని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. అయినా 2024లో అతని మూల జీతం 9.85 లక్షలే. మూడో సీజన్ ముగిశాక, 2025 మేలో, ఐదేళ్లకి 26.5 కోట్లు వచ్చాయి. ఆ మూడేళ్లలో మోకాలు విరిగి ఉంటే? ఆటగాళ్ల సంఘం చెప్పే సగటు ఆట జీవితమే మూడేళ్ల చిల్లర. సగం మందికి రెండో కాంట్రాక్టు అనేది కలలోని మాట. అందుకే మొదటి కాగితంలో ప్రతి కామా వాళ్లకి ముఖ్యం.

ఇంకో తేడా కూడా గమనించండి. కాంట్రాక్టు ఉన్న సీనియర్ క్యాంపుకి రాకపోతే రోజుకి 40, 50 వేల డాలర్ల జరిమానా. సంతకమే పెట్టని రూకీకి జరిమానా వేయడానికి కాంట్రాక్టే లేదు. అతను పోగొట్టుకునేది సాధన.

ఆ సాధన చిన్న విషయం కాదు. ఇక్కడే మీ అబ్బాయితో నేను విభేదిస్తాను. అందరూ బెట్టు చేయదగినవాళ్లు కారు. బోసా క్యాంపంతా పోగొట్టుకుని వచ్చాడు, తొడ కండరం పట్టేసి మొదటి 4 మ్యాచ్‌లు ఆడలేదు. తర్వాత 12 మ్యాచ్‌ల్లో 10.5 శాక్స్ (క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) తీసి ఆ ఏటి ఉత్తమ డిఫెన్సివ్ రూకీ అయ్యాడు. అతను మూడో నంబరు కాబట్టి జట్టు ఎదురుచూసింది. నాలుగో రౌండ్ వాడి కోసం ఎవరూ ఎదురుచూడరు. నేను చూసిన ఒక కుర్రాడు మూడో రౌండ్‌లో వచ్చాడు. మూడో రౌండ్‌లో ఒక చిన్న సందుంది, తర్వాతి ఏళ్ల మూల జీతం 25 శాతం పరిమితిలో ఎంతదాకా పెంచాలన్నది అక్కడ కొంత బేరం. మొత్తం కలిపి అరవై వేల డాలర్ల తేడా కోసం వాళ్ల నాన్న పది రోజులు కుర్రాణ్ని క్యాంపుకి పంపలేదు. డబ్బు వచ్చింది. ఈలోపు అతని స్థానంలో డ్రాఫ్టే కాని కుర్రాడొకడు రోజూ సాధనలో నిలబడ్డాడు, కోచ్ కంట్లో పడ్డాడు. మా వాణ్ని రెండో ఏడాది జట్టు కుదించేటప్పుడు తీసేశారు. నేను అప్పుడు గట్టిగా చెప్పి ఉండాల్సింది, వాళ్ల నాన్న ముందు నోరు మెదపలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పక్కన వేరే దారి ఉన్నవాడి సంగతి వేరు. 1986లో మొదటి నంబరుగా టాంపా బే పిలిస్తే బో జాక్సన్ వెళ్లనే లేదు, బేస్‌బాల్ ఆడటానికి కాన్సస్ సిటీ రాయల్స్‌కి వెళ్లాడు. మరుసటి ఏడాది ఏడో రౌండ్‌లో రైడర్స్ తీసుకుంది. మన కుర్రాళ్లలో ఎంతమందికి అలాంటి రెండో ఆట ఉంటుంది?

కాబట్టి నన్నెవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. మొదటి రెండు రౌండ్లలో ఉండి, పేచీ గ్యారంటీ గురించో దాన్ని రద్దు చేసే మాటల గురించో అయితే, జులై మూడో వారం దాకా కదలొద్దు. ఆ లోపు క్లాస్‌రూమ్ మీటింగులకి వెళ్లొచ్చు, మైదానంలో దిగాలంటే దెబ్బ తగిలితే పాత నంబరు ప్రకారమే కాంట్రాక్టు ఇస్తామన్న కాగితం ముందు రాయించుకోవాలి. పేచీ కొన్ని వేల డాలర్ల గురించి అయితే క్యాంపు మొదటి రోజే సంతకం పెట్టి వెళ్లిపోవాలి. ఐదో రౌండ్ దాటినవాడు అసలు ఆలోచించకూడదు, వాడికి ఆ మొదటి పది రోజుల సాధనే గ్యారంటీ.

మీరు చివర్లో ఒక మాట రాశారు, "మా అబ్బాయికి ఆఫర్ లెటర్ వస్తే అదే రోజు సంతకం పెట్టమంటాను" అని. హైదరాబాద్‌లో మనం ఉద్యోగాల్లో చేరిన రోజులు గుర్తు తెచ్చుకోండి. రెండేళ్ల బాండ్ ఉందని, మధ్యలో మానేస్తే లక్ష కట్టాలని ఎంతమందికి చేరాక తెలిసింది? నేనూ అందులో ఒకణ్ని. ఆ కాగితం మా నాన్నగారే పెన్ను తెరిచి నా చేతికిచ్చి సంతకం పెట్టించారు. మంచి మనసుతోనే. మీ అబ్బాయి స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి. గాయమైతే రెండో ఏడాది స్కాలర్‌షిప్ ఉంటుందా ఉండదా అన్నది ఏ పేజీలో రాసి ఉందో ముందు అది వెతకండి. అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, చూసి చెప్తాను.